ఖాళీ మూలకి కేక

తక్ హేరాన్‌కు ఆడటం రాదు, చూడటం వచ్చు. ఆ సంగతి మొదట కనిపెట్టినవాడు మేంగ్. అప్పటికి అతను ఇంకా టీవీలో వ్యాఖ్యాత కాలేదు. పుచొన్‌లో హేరాన్ గల్లాపెట్టె దగ్గర కూర్చునే గేముల సెంటర్‌లో పొద్దస్తమానం పడి ఉండే నిరుద్యోగి. ఆకలేసినవాళ్ళకు నూడుల్స్ గిన్నె అందించడం కూడా ఆమె పనే. గిన్నె పట్టుకుని కుర్చీల మధ్య నుంచి వెళుతూ వెళుతూ ఎవరి వెనకో ఆగిపోయేది. నూడుల్స్ ఉబ్బిపోతున్నా కదిలేది కాదు.

"తల్లీ, అవి నా నూడుల్స్," అనేవాడు మేంగ్.

"ఆగు. ఆ కిటికీ పక్కవాడి సైన్యం వెనకదారిన వస్తోంది. వీడికి తెలీదు పాపం."

"నీకెలా తెలుసు?"

"ఇందాక వాడి వెనక కూడా నిలబడ్డా కదా."

తెర మీద సైన్యాలు పురుగుల్లా పాకే ఆ ఆటలో ఎవరి సైన్యం ఎక్కడుంటే అక్కడే వారికి వెలుగు. మిగతా మ్యాప్ అంతా చీకటి. ఆడేవాడికి అవతలివాడు ఏం కడుతున్నాడో, ఎటు నుంచి వస్తున్నాడో కనపడదు. రెండువైపులా చూడగలిగేది వెనక నిలబడ్డ మనిషి ఒక్కరే. అలా నిలబడటం హేరాన్‌కు ఎంత ఇష్టమో ఆమెకే తెలియదు. రాజధాని సియోల్‌లో కంప్యూటర్ ఆటల కోసమే ఒక టీవీ ఛానెల్ మొదలై, మేంగ్ అందులో మైకు పట్టాక, "నీ పనికి అక్కడ జీతమిస్తారు, రా," అని పిలుచుకుపోయాడు.

ఆ పనిని అక్కడ అబ్జర్వర్ అంటారు. ఆటగాళ్ళిద్దరూ వేదిక మీద చెరో అద్దాల గదిలో కూర్చుంటారు. అబ్జర్వర్ పక్కగా, చీకట్లో, మూడో కంప్యూటర్ ముందు కూర్చుని మ్యాప్ మీద చూపు తిప్పుతూ ఉంటుంది. ఆ చూపు ఎటు పోతే దేశమంతా అటే చూస్తుంది. హాల్లో పెద్ద తెర మీద కూడా అదే. ఆటగాళ్ళకు మాత్రం ఆ తెర కనపడదు.

పుచొన్ మార్కెట్ సందులో హేరాన్ తల్లి సుందొక్‌కు జుట్టు రింగులు తిప్పే దుకాణం ఉంది. తలనిండా రోలర్లు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు అడిగేవాళ్ళు.

"మీ అమ్మాయి టీవీలో పనిచేస్తుందన్నావు, ఎప్పుడూ కనపడదేం సుందొక్కా?"

"అది కనపడదు. కనపడేదంతా అదే చూపిస్తుంది," అనేది సుందొక్. ఆ తరువాత గొంతు తగ్గించి, "చూపించేది పురుగుల్నే అనుకో," అని నవ్వేది.

అంత బాగా సాగుతున్న పని కిందటి చలికాలం ఒక్క క్షణంలో చెడింది.

ఆ రోజు ఆడుతున్నవాడు మా దోంగ్యూ. అప్పటికింకా పేరు రాని కుర్రాడు. చేతులు చల్లబడితే వేళ్ళు కదలవని, వేడి సంచులు రెండు ఒళ్ళో పెట్టుకుని, ఆట ఆటకీ మధ్య వాటిని పిసుక్కుంటూ కూర్చునేవాడు. ఎదుటివాడి స్థావరానికి దగ్గర్లోనే, ఎవరూ తొంగిచూడని మూల, దొంగచాటుగా ఒక కర్మాగారం కట్టాడు. అక్కణ్ణించి సైన్యం బయటికొస్తే ఆట అతనిదే. హేరాన్ దాన్ని వ్యాఖ్యాతల కన్నా ముందు పసిగట్టింది. పసిగట్టిన ఉత్సాహంలో చూపును ఆ మూలకు విసిరింది. పెద్ద తెర మీద కర్మాగారం కనిపించగానే హాలంతా ఒక్కసారి "హా!" అంది.

అద్దాల గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాడికి మాటలు వినపడవు. కానీ అంతమంది ఒకేసారి ఊపిరి పీలిస్తే, కాళ్ళు నేలకేసి కొడితే, ఆ అదురు కుర్చీలోకి పాకుతుంది. ఎదుటి ఆటగాడి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తెర మీద అతని పనివాడొకడు స్థావరం నుంచి బయలుదేరి నేరుగా ఆ మూలకు నడిచాడు. కర్మాగారం బూడిదైంది. దోంగ్యూ బయటికొచ్చి, అందరికీ వంగి దండం పెట్టి, వేడి సంచులు జేబులో కుక్కుకుని వెళ్ళిపోయాడు.

నియమాల ప్రకారం ఎవరి తప్పూ లేదు. జనం అరవకూడదనే నియమం లేదు, అబ్జర్వర్ చూపించకూడదనే నియమం అసలే లేదు. కానీ మర్నాడు అభిమానుల వెబ్‌సైట్లలో అందరూ ఒకటే మాట రాశారు: అతను చెవితో గెలిచాడు, ఆ చెవిని అందించింది అబ్జర్వర్. ప్రొడ్యూసర్ బాంగ్ గారు మంచివాడే. తిట్టలేదు. మధ్యాహ్నాల్లో వేసే పాత మ్యాచ్‌ల కార్యక్రమానికి మార్చాడు. అక్కడ అన్నీ అయిపోయిన ఆటలే. హేరాన్ ఏది చూపించినా ఎవరి తలరాతా మారదు. ఏడాది పాటు ఆమె అలా ఎవరికీ అపకారం చేయకుండా బతికింది. అదే బాధగా ఉండేది.

మళ్ళీ చలికాలం వచ్చింది. పెద్ద అబ్జర్వర్ వేరే ఛానెల్‌కు వెళ్ళిపోవడంతో బాంగ్ గారు హేరాన్‌ను పిలిచాడు.

"శుక్రవారం సాయంత్రం లైవ్ నువ్వే చెయ్యాలి. చివరి పదహారు మందిలో ఆఖరి స్థానం ఎవరిదో తేలాలి. ఒకే ఆట. ఎవరెవరో తెలుసుగా?"

తెలుసు. ప్యో ఇన్సు, మా దోంగ్యూ. దోంగ్యూ వసంతంలో సైన్యంలో తప్పనిసరి కొలువుకు పోవాలి. తిరిగొచ్చేసరికి అతని వేళ్ళు ముసలివైపోతాయని అందరూ అనుకుంటున్నారు. ఇదే అతనికి ఆఖరి సీజన్.

"ఈసారి తేడా వస్తే నేను అడ్డం పడలేనమ్మా," అన్నాడు బాంగ్ గారు. "పైవాళ్ళు నీ పేరు వినగానే మొహం చిట్లించారు."

ఆ ఆదివారం హేరాన్ తల్లి దుకాణంలో కూర్చుని మాండరిన్ నారింజలు వలుస్తోంది గానీ నోట్లో పెట్టుకోవడం లేదు. నేల మీద దుప్పటి పరిచి సుందొక్, దుకాణానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్ళూ పూలబొమ్మల పేక ఆడుతున్నారు. సుందొక్ ముక్క తీసినప్పుడల్లా గుండె బాదుకుంటోంది.

"అయ్యో, నా కొంప మునిగింది!"

ఇంకో ముక్క. "అమ్మమ్మమ్మ, ఇదేం ఖర్మ!"

"ఊరుకోవే. ఇందాక కొంప మునిగిందని మా నెత్తిన ఎక్కి ఆట ఎత్తుకుపోయావు," అంది రోలర్ల ఆవిడ. "నీ ఏడుపు చూసి ఆడితే నాకు చెప్పులు కూడా మిగలవు."

"మరి చూడకు."

"చూడకుండా ఎలా? చెవులు మూసుకోమంటావా?"

హేరాన్ చేతిలో నారింజ తొన ఆగిపోయింది.

"అమ్మా, మంచి ముక్కొచ్చినా ఎందుకు ఏడుస్తావు?"

"చెడ్డ ముక్కకే ఏడిస్తే ఆ ఏడుపే ముక్కేంటో చెప్పేస్తుందిగా. అన్నిటికీ ఏడిస్తే దానికి విలువుండదు."

"దొంగ ఏడుపని తెలిసిపోదా?"

"దొంగ ఏడుపెందుకే?" సుందొక్ నిజంగానే నొచ్చుకుంది. "ఏ ముక్క చూసినా నాకు కంగారే. మంచిదైతే పోతుందేమోనని కంగారు."

మర్నాడు హేరాన్ బాంగ్ గారి గదికి వెళ్ళింది. మేంగ్ అక్కడే కుర్చీలో కాళ్ళు చాపుకుని కింబాప్ తింటున్నాడు. చెప్పాల్సింది ఆమె దారంతా వల్లించుకుంది. అయినా తిరగామరగా చెప్పింది. ఏమీ లేని మూలలు చూపిస్తాను, అప్పుడు కూడా జనం అరవాలి, అప్పుడు అరుపుకు అర్థం పోతుంది, ఇద్దరిలో ఎవరు ఏం దాచినా సరే.

"ఖాళీ మూలా?" అన్నాడు బాంగ్ గారు. "ఖాళీ మూల చూపిస్తే జనం వంటల ఛానెల్‌కి పోతారు హేరాన్. అసలు వాళ్ళెందుకు అరుస్తారు?"

"నేనరుస్తాగా," అన్నాడు మేంగ్ నోట్లో ముద్దతోనే. "పదేళ్ళుగా మా ఆవిడ నా అరుపులు దేనికీ పనికిరావంటోంది. ఇన్నాళ్ళకి ఒక పని దొరికింది."

"నవ్వులాట కాదు."

"నవ్వులాట కాకపోతే జనం ఎందుకొస్తారు బాంగ్ గారూ?"

బాంగ్ గారు హేరాన్ వైపు తిరిగాడు. "సరే. నీ కుర్చీ, నీ ఇష్టం," అన్నాడు. ఆ మాటలో ధైర్యం ఎంతుందో బెదిరింపూ అంతే ఉంది.

శుక్రవారం స్టూడియో వెనక నడవాలో దోంగ్యూ ఎదురుపడ్డాడు. కాస్త పొడుగయ్యాడు. చేతిలో అవే వేడి సంచులు. హేరాన్ పక్కకు తప్పుకోబోయింది.

"అక్కా," అన్నాడు. "ఇవాళ కొత్తిల్లు కట్టుకుందామనుకుంటున్నా. అడ్రసు మాత్రం ఎవరికీ చెప్పకు."

నవ్వుతూనే అన్నాడు. హేరాన్‌కు నవ్వాలో క్షమాపణ అడగాలో తెలియక, "చేతులు చల్లబడ్డాయా?" అని అడిగింది. అతను ఒక సంచి ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. నిజానికి ఆమె వేళ్ళే మంచుముక్కల్లా ఉన్నాయి.

ఆట మొదలైంది. కాసేపటికి హేరాన్ చూపును మ్యాప్ ఈశాన్యపు మూలకు తిప్పింది. రాళ్ళు, ఇసుక. ఇంకేమీ లేదు.

"అయ్యయ్యయ్యో!" మేంగ్ కుర్చీలోంచి లేచాడు. "చూశారా! చూశారా ఆ మూల!"

హాలు నిశ్శబ్దం. ఎవరో దగ్గారు. చేత్తో రాసిన అట్టముక్కలు పట్టుకుని ముందు వరసలో కూర్చున్న అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హేరాన్ చెవిలోని చిన్న స్పీకర్లో బాంగ్ గారి నిట్టూర్పు వినపడింది. ఆమె చూపును స్థావరాలకు తిప్పి, మళ్ళీ ఇంకో మూలకు తెచ్చింది. అదీ ఖాళీయే.

"దేవుడా! ఇసుక! ఎంత ఇసుక!" అన్నాడు మేంగ్, ఇల్లు అంటుకున్నవాడి గొంతుతో.

ముందు వరసలో ఒక అమ్మాయికి నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే "అమ్మో!" అని కేక పెట్టింది. కిందటి ఏడాది సంగతి తెలిసినవాళ్ళు హాల్లో చాలామందే ఉన్నారు. వాళ్ళకు ఒక్కసారిగా వెలిగింది. మూడోసారి ఖాళీ మూల కనపడగానే హాలంతా కాళ్ళు నేలకేసి బాదుతూ అరిచింది. అద్దాల గదిలో ఇన్సు తలెత్తాడు. పనివాణ్ణి ఒక మూలకు పంపాడు. ఇసుక. ఇంకో మూలకు పంపాడు. రాళ్ళు. పెదవి కొరుక్కుని, పనివాణ్ణి వెనక్కి పిలిచి పనిలో పెట్టాడు.

అప్పుడు దోంగ్యూ కర్మాగారం మొదలుపెట్టాడు. అది ఎక్కడో చూసేసరికి హేరాన్ వేలు మౌస్ మీద బిగుసుకుపోయింది. కిందటి ఏడాది కట్టిన అదే మూల.

చూపించకపోతే ఎవరికీ తెలియదు. కానీ చూడటానికే వచ్చారు వీళ్ళంతా. ఇళ్ళల్లో టీవీల ముందు కూర్చున్నవాళ్ళూ అందుకే కూర్చున్నారు. తల్లి మాట గుర్తొచ్చింది: ఏ ముక్క చూసినా కంగారే. ఆమె చూపును ఆ మూలకు తిప్పింది. హాలు గుండెలు పగిలేలా అరిచింది. ఈసారి అరుపులో నవ్వు లేదు. తనకు వినిపించిన ఆ తేడా లోపలివాడికి వినిపించకూడదని, అరుపు తగ్గకముందే చూపును పక్కనున్న ఖాళీ మూలకు లాగింది, అక్కణ్ణించి మరో ఖాళీ మూలకు. జనం ఆపకుండా అరుస్తూనే ఉన్నారు. మేంగ్ గొంతు బొంగురుపోయింది. "ఇసుక! మళ్ళీ ఇసుకే!"

ఇన్సు చెయ్యి ఆగింది. తన ఒళ్ళో వేడి సంచి ఎప్పుడు జారి కింద పడిందో హేరాన్ చూసుకోలేదు.

ఇన్సు విసుగ్గా తల విదిలించి, తన స్థావరం పని తను చూసుకోసాగాడు.

దోంగ్యూ సైన్యం ఆ మూలలోంచి బయటికి వచ్చినప్పుడు ఇక ఎవరూ ఉత్తుత్తికే అరవక్కర్లేకపోయింది.

ఇన్సు బయటికొచ్చి నీళ్ళ సీసా మూత తీస్తూ మేంగ్‌తో అన్నాడు, "ఏంటన్నా, ఇవాళ మీ జనానికి దయ్యం పట్టిందా? కుర్చీ ఆగితేగా ఒక్క నిమిషం! కర్మాగారం అక్కడుందని నాకు తట్టనే లేదు." కోపంగా కాదు, సరదాగానే అన్నాడు. వచ్చే సీజన్‌లో తన కర్మాగారాలకూ అలాగే అరవాలని కూడా అన్నాడు.

దోంగ్యూ హేరాన్ బల్ల దగ్గరికొచ్చి, కిందపడ్డ వేడి సంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"అడ్రసు చెప్పేశావుగా అక్కా."

"అందరికీ చెప్పాను," అంది హేరాన్. "మిగతా మూలల అడ్రసులు కూడా చెప్పాను."

అతను తర్వాతి రౌండులోనే ఓడిపోయాడు. దాచినదేదీ ఎవరికీ తెలియలేదు, ఎదుటివాడు అతని కన్నా బాగా ఆడాడు, అంతే. వసంతంలో తల గొరిగించుకుని సైన్యానికి వెళ్ళాడు. హేరాన్ లైవ్ కుర్చీలోనే ఉండిపోయింది. ఖాళీ మూలకు అరవడం ఆ స్టూడియోలో ఆచారమైంది. కొత్తగా వచ్చినవాళ్ళకు పాతవాళ్ళు మోచేత్తో పొడిచి నేర్పుతారు. పుచొన్‌లో రోలర్ల ఆడవాళ్ళకు కూడా అంటుకుంది. పురుగుల సంగతి తెలియకపోయినా ఇసుక కనపడితే చాలు, అరుస్తారు.

మరుసటి శరత్కాలంలో ఒక సాయంత్రం, ఆట మధ్యలో, హేరాన్ అలవాటుగా ఒక ఖాళీ మూల చూపించింది. హాలు అరిచింది. అరుపు తగ్గాక కూడా ముందు వరస నుంచి ఒక్క గొంతు తగ్గలేదు. తల తిప్పి చూసింది. ఆడపిల్లల అట్టముక్కల మధ్య, సైనికుడి యూనిఫాంలో, గుండు తలతో, సెలవు మీద వచ్చిన దోంగ్యూ. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఆ ఇసుకను చూసి ప్రాణం పోతున్నట్టు అరుస్తున్నాడు.

"హేరాన్, అక్కడేముందమ్మా? స్థావరానికి రా," అన్నాడు బాంగ్ గారు చెవిలో.

"ఏమీ లేదండీ," అంది హేరాన్. "ఒక్క క్షణం."

చూపును ఇంకాసేపు ఆ ఖాళీ మూలలోనే ఉంచింది.