ఆగయ్య మోకాలు, జనార్ధనరావు యంత్రం

జనార్ధనరావు ఏది చేసినా నూరేళ్లు నిలవాలి. రక్షణ పరికరాల కర్మాగారంలో ఉద్యోగమంతా గడిపిన మనిషి మరి. విమానంలోంచి పడ్డా పగలని వస్తువులు చేసిన చేతులు రిటైరయ్యాక ఊరుకుంటాయా? నాచారంలోని ఇంట్లో కారు షెడ్డులోకి లేత్ మెషీన్ వచ్చింది, కారు వీధిలోకి పోయింది. భార్య ఛాయాదేవి దెప్పుతూనే ఉంది.

ఈసారి ఆయన పట్టుకున్నది ఆగయ్య మోకాలు. ఉప్పల్ పాత ఊళ్లో బర్రెను పెట్టుకుని, వాళ్లింటికి ఏళ్లుగా పాలు పోస్తున్న మనిషి ఆగయ్య. బైకు గుద్ది మోకాలి చిప్ప పగిలింది. ఎముక అతికింది గానీ మోకాలు వంగడం మానేసింది. కాలును మెల్లగా వంచి చాచే యంత్రం క్లినిక్‌లో ఉంది. ఆగయ్యేమో తానుండే మేడ మెట్లు దిగలేడు. పీట మీద కూర్చోలేనివాడు పాలేం పిండుతాడు? కొడుకు ధర్మేందర్ పిండబోతే బర్రె సగం పాలు దాచుకుంటుంది, మిగతా సగం బకెట్టుతో సహా తన్నేస్తుంది. విసిగిపోయి అతను బర్రెను అమ్మడానికి బేరం చూశాడు.

"కాలు గురించి ఫికర్ లేదు సార్. గౌరిని అమ్ముతరంట, గదే ఓర్సుకోలేను," అన్నాడు ఆగయ్య.

ఇంటింటికీ తిరిగే ఫిజియోథెరపిస్టు దీప మోసుకెళ్లేలా చిన్న యంత్రం చేస్తానని జనార్ధనరావు మాటిచ్చాడు. చేశాడు కూడా. ఉక్కు చట్రం, ఉక్కు పెట్టె, అలవాటు కొద్దీ ఆలివ్ రంగు. డాబా మీంచి కిందికి పడేసి చూశాడు. గచ్చు పగిలింది, యంత్రం పగలలేదు. మురిసిపోయాడు.

దీప ఒక చేత్తో ఎత్తబోయింది, రెండు చేతులా ఎత్తబోయింది, చివరికి దండం పెట్టింది.

"అంకుల్, దీన్ని మోస్తే రేపు నాకే ఫిజియోథెరపీ గావాలె!"

"ఏవండీ, ఆగయ్య మోకాలేమన్నా సరిహద్దులో ఉందా?" అంది ఛాయాదేవి.

ఆయనకు ముందు రోషమొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. జీవితంలో మొదటిసారి ఒక్కో భాగాన్నీ చేతిలోకి తీసుకుని, ఇది లేకపోతే ఏమవుతుంది అని ఆలోచించాడు. ఉక్కు పోయి అల్యూమినియం గొట్టాలొచ్చాయి. పెద్ద మోటారు పోయి కారు వైపర్ మోటారొచ్చింది, అదీ సొంత కారుదే. పెట్టె తీసేసేటప్పుడు మాత్రం పిల్లవాణ్ణి చొక్కా లేకుండా బడికి పంపుతున్నట్టు ప్రాణం కొట్టుకుంది. మిగిలినదంతా మడిస్తే భుజాన వేసుకునే సంచిలో పట్టింది.

దీప రోజూ ఆ సంచితో వెళ్లి, ఎంత వంచాలో తానే చూసుకుంటూ నడిపింది. మోకాలు మొదట మొండికేసింది, తర్వాత కొద్దికొద్దిగా దారికొచ్చింది. ఒక ఉదయం ధర్మేందర్ ఫోన్ చేశాడు.

"సార్, నాయిన కిందికి దిగిండు. మీరొచ్చేదాంక ఆగుమంటె ఆగుత లేడు."

జనార్ధనరావు పరుగున వెళ్లేసరికి ఆగయ్య కొట్టంలో గోడ పట్టుకుని, పీట మీదికి వంగుతున్నాడు. మోకాలు ఒకచోట ఆగింది. ఆగయ్య పళ్లు బిగించి ఇంకాస్త వంగాడు. కూర్చున్నాడు. గౌరి పొదుగు మీద చెయ్యి వేశాడో లేదో, బకెట్టులో పాలధార మోగింది. జనార్ధనరావుకు పట్టలేని సంతోషంతో కళ్లు నిండాయి. అందరూ చూస్తున్నారని కూడా అనుకోలేదు.

ఆగయ్య పిండుతూనే, తలెత్తకుండా కొడుకుతో అన్నాడు.

"గా బేరగానికి ఫోన్ జెయ్యి కొడుకా. ఇగ రావొద్దని జెప్పు."