దారి చివర చెల్లెలు

సౌదీలోని అల్ ఖోబర్‌లో నేను పనిచేసే ఇంటి పాపకి పదిహేనేళ్ళు. సెలవుల్లో ఫోన్ చూసి బొమ్మలు వేయడం నేర్చుకునేది. కూరగాయలు తరుగుతున్న నన్ను కదలొద్దని చెప్పి నా బొమ్మ గీసేది. తల ఒక గుడ్డు, రొమ్ము ఒక పెట్టె, చేతులూ కాళ్ళూ గొట్టాలు. ఇంతేనా నేను అనిపించింది. ఆ గుడ్డుకి కళ్ళూ ముక్కూ ఉండేవి కావు. ప్రాణమున్న వాళ్ళ ముఖం గీయకూడదని పాప వాళ్ళ నానమ్మ మాట. ఆవిడను పనివాళ్ళం మామా కబీర, అంటే పెద్ద అమ్మగారు, అంటాము. ముఖం లేకుండా ఎన్నయినా వేసుకోమంది.

ఆ ఏడే మా చెల్లెలు పోయింది. నేను ఊరికి వెళ్ళి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ కాగితం చేతికొచ్చేసరికి మట్టి చేసి నాలుగు రోజులు. వీడియో కాల్‌లో చూపించారు గానీ, ఫోన్ పట్టుకున్నవాళ్ళు జనం వెనక ఉండటంతో పూలదండలూ ఎవరివో భుజాలూ తప్ప ఏమీ కనపడలేదు. ఇక వెళ్ళలేదు. ఏడుపు రాలేదు. మరుసటి రోజు కర్టెన్లన్నీ ఉతికాను. చెల్లెలికి సరైన ఫోటో లేదు. ఆధార్ కార్డులో ఉన్నది దానిలా ఉండదు. నిలబడి ఉన్న బొమ్మ ఒకటి వేసుకోవాలని, నాకూ నేర్పమని పాపను వచ్చీరాని అరబ్బీలో అడిగాను.

నాకు చేతనైంది ముగ్గు. చుక్కలు పెట్టి, చెయ్యి ఎత్తకుండా తిప్పుతాను. పెన్సిల్‌తోనూ అదే చేశాను. పాప లేతగా గీసి తర్వాత చెరుపుతుంది. నేను ఒత్తి గీసింది రబ్బరుకి పోదు. చెల్లెలు చివరిసారి కనపడింది ఊరి దారి మీద, నేను ఆటోలో వెళ్ళిపోతుంటే. ఆ దారికని సమంగా చుక్కలు పెట్టి రెండు గీతలు లాగాను. పైదాకా ఒకటే ఎడం. పాప నవ్వింది. దూరం పోయేకొద్దీ అవి దగ్గరికి రావాలంది, మనుషులు చిన్నవాళ్ళవ్వాలంది. దారి ఎక్కడైనా దారేగా అన్నాను. బాల్కనీలోకి తీసుకెళ్ళి సముద్రం వైపు పోయే రోడ్డు చూపించింది. పదేళ్ళుగా చూస్తున్న రోడ్డే. నిజంగానే కలిసిపోతోంది.

గుడ్డు, పెట్టె, గొట్టాలు కుదిరాయి. పచ్చ చీర, మోచేతి దాకా జాకెట్టు, తెగిన ఎడమ చెప్పుకి పెట్టుకున్న పిన్నీసు, అన్నీ వేశాను. ముఖమే మిగిలింది. వేసుకో, నానమ్మకి చెప్పనులే అంది పాప. పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. రాలేదు. ఊరికి ఫోన్ చేశాను.

"వొదినా, దానికి పుట్టుమచ్చ యా పక్క ఉండేది?"

"ఎడం పక్క... కాదుమే, కుడి పక్కేమో. ఇప్పుడెందుకు?"

"దాని బొమ్మేస్తాండా."

"ఈ వయసులో బడికి పోతాండావా? దాని ముఖం నీ ముఖమే గదమే. అద్దంలో సూసుకో పో."

చూసుకున్నాను. అందులో ఉన్నది నేనే.

కొత్త కాగితం తీసుకున్నాను. రెండు గీతలూ దగ్గరికి రానిచ్చి, అవి కలిసే చోటికి కాస్త ఇవతల చెల్లెల్ని నిలబెట్టాను. గోరంత. అంత దూరంలో ఎవరి ముఖమూ కనపడదు. పచ్చ రంగు ఒక్కటి పెట్టాను.

మామా కబీర చూసి, ఇది బాగుంది, ఇందులో తప్పేమీ లేదంది. ఎవరని అడిగింది. చెల్లెలన్నాను. కాగితాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది. తర్వాత యాలకులు ఎక్కువ వేసి గహ్వా, వాళ్ళ కాఫీ, కాచమంది. కాచాను.