ఆయన ఏరికోరి కొనుక్కున్న నగ

నలభై రెండేళ్ల కాపురంలో నగల కొట్టుకు మా ఆయన్ని లాక్కెళ్లిన ప్రతిసారీ ఒకటే తంతు. నేను గాజులు ఎంచుకుంటుంటే ఆయన మూల కుర్చీలో కూర్చుని కొట్టువాడి పేపరు చివరి పేజీదాకా చదివేసేవారు. "ఎలా ఉన్నాయండీ?" అంటే తలెత్తకుండా "బ్రహ్మాండం" అనేవారు. ఒకసారి వట్టి చెయ్యి చాపి అడిగినా అదే మాట. అలాంటి మనిషి, కరోనా వచ్చిన ఏడాది వసంతంలో, మ్యూనిక్‌లోని మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని వారం రోజులపాటు లాప్‌టాప్‌లో నగలు చూశారు. నన్ను పిలిచి మరీ చూపించారు.

"ఇదిగో, ఈ గొలుసు మరీ సన్నం. ఇదేమో తోలు పట్టీ, స్నానానికి పనికిరాదు."

అవి స్టీలు బిళ్ల ఉన్న కంకణాలు. బిళ్ల ముందువైపు వైద్యం గుర్తు ఉంటుంది, వెనకవైపు మనం చెప్పదలుచుకున్నది చెక్కి పంపుతారు. మనిషికి స్పృహ లేనప్పుడు చూసినవాళ్లు చదువుకోవాలని.

ఆయన గుండె అప్పటికి ఆరేళ్లుగా నీరసించి ఉంది. కరోనా సోకి వెంటిలేటర్ మీద పెట్టాల్సి వస్తే తిరిగి బయటపడటం కష్టమని మా డాక్టరమ్మ ఫోనులో దాపరికం లేకుండా చెప్పింది. ఆయన పాటియెంటెన్‌ఫెర్‌ఫ్యూగుంగ్ రాసి సంతకం పెట్టారు. ఏ వైద్యం కావాలో, ఏది వద్దో ఒంటి మీద తెలివి ఉండగానే రాసిపెట్టుకునే కాగితం అది. "ఈ పేరు ఒక్క గుక్కలో పలకగలిగినవాడికి ఈ కాగితంతో పనే లేదోయ్" అని నవ్వారు, పలకబోయి ఆయాసపడుతూ.

కాగితం ఇంట్లో ఉంటుంది, మనిషిని అంబులెన్సు తీసుకుపోతుంది. ఆ రోజుల్లో ఆసుపత్రి గుమ్మం దాటి భార్యనైనా లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. గొట్టాల మధ్య, మాస్కుల వెనక ముఖాల మధ్య పోకూడదు, మా ఇంట్లో, మా మంచం మీద పోవాలి. ఆయన కోరింది అదొక్కటే.

మొదట ఆ బిళ్లను మొలతాడుకు వేలాడదీసుకుంటానన్నారు. వాళ్లమ్మ చేయించిన వెండి మొలతాడు అది. జర్మనీకి వచ్చిన కొత్తలో ఈతకొలను దగ్గర తోటి ఇంజనీర్లు అదేమిటని అడిగినా తీయని మనిషి.

"అంబులెన్సువాళ్లు చెయ్యి చూస్తారు, మెడ చూస్తారు. మీ నడుమెవరు వెతుకుతారండీ?" అన్నాను. చివరికి ముంజేతికే ఖాయమైంది.

కీబోర్డు మీద ఆయనది ఒంటివేలు వ్యవహారం. అందుకని ఆర్డరు ఫారం నింపే పని నా నెత్తిన పడింది. చెక్కాల్సిన మాటలు ఆయన జర్మన్‌లో చెప్పారు. గుండె ఆగితే మళ్లీ కొట్టించవద్దు. వెంటిలేటర్ వద్దు. కాగితం నకలు పర్సులో ఉంది. చెప్పేసి కాఫీ కలుపుకోవడానికి లేచారు.

నా వేళ్లు కదలలేదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అనే ఇంట్లో పుట్టాను. దీపం ఆరితే కొండెక్కింది అంటాం. గుమ్మం దాటేవాళ్లు వెళ్లొస్తామనాలే గాని వెళ్తామనకూడదు. అలాంటి నోటితో పెరిగిన నేను, కట్టుకున్నవాడి చేతికి వేసే నగ మీద ఆ మాటలు ఎలా రాస్తాను? "గుండె జబ్బు. భార్యకు ఫోన్ చెయ్యండి" అని కొట్టి, నా నంబరు పెట్టి, పంపేశాను. ఆయన కాఫీతో వచ్చేసరికి లాప్‌టాప్ మూసేశాను కూడా.

పది రోజులకు పెట్టె వచ్చింది. శుక్రవారం దాకా ఆపి, కొత్త నగ కదా అని దేవుడి ముందు పెట్టి పసుపూ కుంకుమా అద్దాను. ఆయన తీసుకుని, తిప్పి చదివారు. మళ్లీ చదివారు. కోప్పడతారనుకున్నాను.

"సరే, నీకు ఫోన్ చేశారే అనుకో. వెంటిలేటర్ పెట్టమంటారా అని అడిగారు. వద్దని అంటావా?"

నేను బిళ్లకంటిన కుంకుమ కొంగుతో తుడవబోయాను.

"అనలేవు. ఆ మాట నీతో అనిపించకూడదనేగా నేను వారం రోజులు ఇది వెతికింది!"

నాకు ఏడుపు ఆగలేదు. అన్నాళ్లూ అది ఆయన కోసం ఆయన కొనుక్కుంటున్న నగ అనుకున్నాను. ఆ సాయంత్రమే రెండోది ఆర్డరు చేశాం. ఆయన పక్కన కూర్చుని ఒక్కో మాటా చెప్పారు, నేను ఒక్కో మాటా కొట్టాను.

దాన్ని ఆయన మురిపెంగా పెట్టుకున్నారు. బేకరీ ముందు క్యూలో అందరూ మీటరున్నర దూరం నిలబడి ఉంటే, పక్కింటి ముసలాయనకు చెయ్యి ఎత్తి చూపించారు. ఇసార్ నది ఒడ్డున మాస్కులు గడ్డం కిందికి లాక్కుని నడిచేవాళ్లం. బెంచీ మీద కూర్చుని ఫ్లాస్కు మూత తీసినప్పుడల్లా బిళ్ల టక్కుమని తగిలేది. పలకరించేవాళ్లు లేని ఆ ఏడాదిన్నరలో మాట్లాడుకున్నంతసేపు పెళ్లయిన కొత్తలో కూడా మాట్లాడుకోలేదు మేము. ఆ రోజులు మళ్లీ ఇస్తానంటే కరోనాతో సహా తీసుకుంటాను.

రెండో చలికాలంలో, ఆయన పోవడానికి మూడు రోజుల ముందు, మధ్యాహ్నం భోజనాల దగ్గర ఊపిరి అందలేదు. పెదవులు నీలమయ్యాయి. అంబులెన్సుకు ఫోన్ చేసింది నేనే, భయంతో. ఎమర్జెన్సీ డాక్టరు చిన్నపిల్ల, మా అమ్మాయికంటే చిన్నది. ఆక్సిజన్ పెడుతూ, ఆసుపత్రికి తీసుకెళ్లి వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చని గబగబా చెబుతోంది. ఆయన ఒంటి మీద నేను అల్లిన మందపాటి స్వెట్టరు. ముంజేయి కనిపించడం లేదు. నేను ఊరుకుంటే చాలు, తీసుకెళ్తారు. ఇంకో వారం బతుకుతారేమో, ఇంకో నెల బతుకుతారేమో. ఆ ఆశ నాకు కలిగింది, అబద్ధమెందుకు.

స్వెట్టరు చెయ్యి పైకి లాగాను. ఆ పిల్ల వంగి చదివింది. చదివి తలెత్తి నా ముఖంలోకి చూసింది. నేను ఆయన పర్సులోంచి కాగితం తీసిస్తే సరిపోయేది, నోరు విప్పాల్సిన అవసరమే లేదు. ఆయన అంత ఏర్పాటూ చేసిపెట్టారు.

"వెంటిలేటర్ వద్దు. ఇంట్లోనే ఉంటారు" అన్నాను జర్మన్‌లో, గట్టిగా.

ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. నేను అనడం విన్నారు.