నురగలో ఎగిరిన అంకె

కటింగ్ షాపు తాతయ్యకు గడ్డంకంటే గిరాకీ వయసుమీదే మోజు. సరిసంఖ్య వస్తే సగం చేస్తాడు, బేసి వస్తే మూడింతలు చేసి ఒకటి కలుపుతాడు. అలా ఒకటికి దిగేదాకా అద్దంమీద సబ్బునురగతో లెక్కే లెక్క. ఒకసారి ఇరవై ఏడు 9232 దాకా ఎగిరింది. ఆ రికార్డును దాటే వయసు దొరక్క ఆయనకు అన్నం సహించడం లేదు. ఇవాళ ఇంటర్వ్యూకు వెళ్లాల్సిన నలభై ఒక్క ఏళ్లవాడు చిక్కాడు. ఒక బుగ్గ నున్నగా ఉంది, రెండోదానిమీద నురగ ఎండుతోంది.

"బాబాయ్, బస్సు పోతోంది!"

"ఉండరా, నువ్వు వేలల్లో ఎగురుతున్నావు!"

తీరా అదీ సరిగ్గా 9232 ముట్టి కిందికి జారింది.

"ఇంతేనట్రా నువ్వు?" అన్నాడు తాతయ్య, వాడేదో మోసం చేసినట్టు.

వాడు మూతి తుడుచుకుని వీధిలోకి పరుగెత్తాడు. "నలభై రెండు నిండాక వస్తాలే, మిగతా సగం అప్పుడు గీద్దువుగాని!"

"వద్దురోయ్! నలభై రెండు అరవై నాలుగైనా దాటదు!"