ఓర్వకల్లు విమానాశ్రయం ముందు తెగిన తాడు

దయ్యాలు, గాలి సోకడాలు, పూనకాలు అంటే మా నేత వీధిలో అందరికంటే ముందు నవ్వేది నేనే. పక్కింటావిడ జుట్టు విరబోసుకుని ఊగుతుంటే, "పొద్దున్నుంచి ఏమీ తిన్లేదు, ఇంత అన్నం పెట్టండి" అన్నదాన్ని. మా నాయన కర్మ నాడు పిండం కాకి ముట్టలేదు. అందరూ గుండెలు బాదుకుంటుంటే, ఈ ఎండకు కాకులు ఏ నీడకో పోయి ఉంటాయని విస్తరాకు ఎత్తించేశాను. దానికి మా మేనమామ చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

కాబట్టి ఇప్పుడు రాసేది చదివి ఎవరైనా నవ్వితే నాకు కోపం రాదు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మాది మైదుకూరు దగ్గర ఒక ఊరు. ఇంట్లో రెండు మగ్గాలు. నా చెల్లెలు లలితను బెంగళూరులో ఇచ్చాం. వాళ్ళూ మనవాళ్ళే, కోయిలకుంట్ల నుంచి పోయి అక్కడ స్థిరపడ్డారు. దాని మొగుడి పేరు రాయడం నాకు ఇష్టం లేదు. తాగినా కొట్టేవాడు, తాగకపోయినా కొట్టేవాడు. పెళ్ళైన కొత్తలోనే లలిత ఒకసారి పెదవి చిట్లి, కట్టుబట్టలతో ఇంటికి వచ్చేసింది. మా నాయన దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "సర్దుకోవల్ల తల్లీ, మగోడన్నాక కోపం ఉంటాది" అని చెప్పి, మర్నాడు తనే తీసుకుపోయి బెంగళూరు బస్సెక్కించాడు. నేను అడ్డం పడతానని, నన్ను నూలు గదిలోకి తోసి బయట గొళ్ళెం పెట్టి మరీ పోయాడు.

పోయినేడు నాయన మగ్గం గుంటలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. కడసారి చూపుకు కూడా లలితను వాడు పంపలేదు.

ఇక్కడ ఒక తాడు గురించి చెప్పాలి. మా ఇళ్ళలో ఆడపిల్ల పెళ్ళిచీర నేశాక పడుగు చివర మిగిలిన నూలు కొసలను పారేయరు. తండ్రి వాటిని పేని తాడు చేస్తాడు. పిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు సారె మూటను ఆ తాడుతోనే కట్టాలి. లలిత తాడును నాయన తొడ మీద పేనుతూ, పాటలు పాడుతూ చేశాడు. వేలంత లావు, అక్కడక్కడా ఎర్రపోగు. దాన్ని తెంచాలంటే ఎద్దు కావాలని మా అమ్మ ఎగతాళి చేసేది.

ఈ ఎండాకాలంలో వాడు లలిత చెయ్యి విరిచాడు. పై వాటాలో ఉండే టీచరమ్మ నాకు ఫోన్ చేసి, "ఈసారి చెయ్యి, వచ్చేసారి మెడ. వచ్చి తీసుకుపోండి" అంది. ఇల్లరికం వచ్చిన మా ఆయనకు కాలు బాగాలేదు. నేనొక్కదాన్నే పోయాను. బస్టాండులో, రైల్వేస్టేషన్‌లో వాడి తమ్ముళ్ళు కాచుకుంటారని భయం. "మీరు విమానం ఎక్కుతారని వాడి కలలో కూడా రాదు, కర్నూలుకు విమానం ఉంది" అని టీచరమ్మే టికెట్లు తీసింది. ఫోన్ నంబరు లలితది ఇచ్చింది. ఆ సిమ్ము ఎవరి పేరు మీద ఉందో మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

కర్నూలు పాత ఊళ్ళో మా మేనమామ ఉన్నాడు. ఆయన ఇల్లు చేరితే ఆ తర్వాత పోలీసులు, కోర్టు, ఏమైనా చూసుకోవచ్చు. అంతవరకు దాన్ని ప్రాణాలతో చేర్చాలి. నా మనసులో ఇంకేమీ లేదు.

వాడు లేని సమయం చూసి బయటపడ్డాం. లలిత ఒక పెట్టె, ఒక బ్యాగు, పాత సారె మూట తీసుకుంది. మూట ఎందుకే అంటే, "అది నాయన తాడు అక్కా" అంది. విమానం ఎక్కేముందు మూటకు ప్లాస్టిక్ కాగితం చుట్టించాం. ఓర్వకల్లులో దిగాక ఆ కాగితాన్ని పళ్ళతో చింపి అవతల పారేశాను. పట్టుకోవడానికి తాడు ఉంటేనే నాకు చేతికి వీలు.

బయటికొస్తే ఎండ మొహం మీద కొట్టింది. చుట్టూ రాళ్ళ గుట్టలు, ఎర్రమట్టి. మాతో దిగినవాళ్ళకు సొంత కార్లు వచ్చాయి, ఎక్కి పోయారు. మాకు మూడు దారులున్నాయి. మెయిన్ రోడ్డు దాకా సామాను మోసుకుపోయి నంద్యాల నుంచి వచ్చే బస్సును ఆపడం ఒకటి. లలితకు కుడిచేతికి పిండికట్టు, పెట్టెకు చక్రం ఊడింది, అది అయ్యే పని కాదు. రెండోది, గేటు పక్కన నీడలో నిలబెట్టిన ఒక ఆటో. గడ్డం నెరిసిన సాయిబు లోపల కునుకు తీస్తున్నాడు. ఆటోలో కర్నూలు దాకా పోతే వడగాలికి మనిషి పెనం మీద రొట్టెలాగా అవుతాడు. మూడోది, ఒక తెల్ల కారు.

కారతను తనే ఎదురొచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి, ఇస్త్రీ చొక్కా, నుదుట కుంకుమ.

"యాడికక్కా పోవల్ల? కర్నూలుకేనా? నేను ఖాళీగా పోతాండా. ఏసీ ఉండాది. పాపం ఆయమ్మకు చెయ్యి బాగలేనట్టుండాది గదా."

మన మాట, మన యాస. లలిత నా వైపు చూసింది. కారులో పోదాం అని దాని కళ్ళే చెప్పాయి. నేను కూడా అదే అనుకున్నాను. అతను పెట్టె, బ్యాగు డిక్కీలో పెట్టాడు. లలిత వెనక సీట్లో కూర్చుంది. ఇంకా మూట మిగిలింది.

మా నేతవాళ్ళ చేతులకు ఒక పాడు అలవాటుంది. పోగు కొస కనిపిస్తే వేలికి చుట్టుకుంటాం, తాడు కనిపిస్తే మణికట్టుకు. విమానాశ్రయం లోపలి నుంచి మూటను ఈడ్చుకొస్తూ తాడు కొసను కుడి మణికట్టుకు చుట్టుకున్నాను. ఇప్పుడు విప్పబోతే రాలేదు. చెమటకు బిగుసుకుందేమో అనుకున్నాను. గోళ్ళతో గీకినా రాలేదు. అతను కాసేపు చూశాడు.

"టైమైతాది అక్కా" అంటూ జేబులోంచి బ్లేడు కత్తి తీసి తాడును మధ్యలో కోసేశాడు. నాకు చెప్పలేదు, అడగలేదు. మూటను డిక్కీలోకి విసిరాడు. నా మణికట్టు నుంచి జానెడు తాడు వేలాడుతోంది. నాకు ఒళ్ళు మండింది. అయినా చెల్లెల్ని చేర్చడమే ముఖ్యం అనుకున్నాను.

ఒక కాలు కారులో పెట్టాను. అప్పుడు ఎవరో నన్ను లాగారు.

చెయ్యి పట్టుకుని లాగినట్టు కాదు. మణికట్టుకున్న తాడును లాగారు. జానెడు ముక్క అది, దాని రెండో కొస ఎక్కడా లేదు. అయినా భుజం టక్కుమని కీలు తప్పింది. వెల్లకిలా తారు మీద పడ్డాను. పడి ఆగలేదు. కాలే తారు మీద నన్ను తాడు ఈడ్చుకుపోయింది. మోచేతులు దోక్కుపోయాయి, జాకెట్టు వీపున చిరిగింది, తాడు చర్మం కోసుకుని లోపలికి దిగింది. నేను అరిచిన అరుపుకు ఆటో సాయిబు లేచి బయటికి దూకాడు.

ఆ క్షణంలో నాకు గంజి వాసన వచ్చింది. మగ్గం దగ్గర పడుగుకు పెట్టే గంజి. నొప్పిలో ఏవేవో వాసనలు వస్తాయంటారు, వచ్చి ఉండొచ్చు.

"అక్కా!" అంటూ లలిత కారు దిగి పరుగెత్తుకొచ్చింది. అది దిగిన వెంటనే లాగడం ఆగిపోయింది.

కారతను మా దగ్గరికి రాలేదు. గబగబా ముందు సీట్లోకి పోయాడు. అతని ఫోన్ మోగుతోంది. గాభరాలో ఏం నొక్కాడో, మాట కారు స్పీకర్లలోంచి బయటికి వినిపించింది. అది లలిత మొగుడి గొంతు.

"ఎక్కించినావా? టోల్‌గేట్ దాటినంక ఎడం పక్క మట్టిదావలోకి తిప్పు. మేం ఆడనే ఉండాం. పెద్దదాని నోరు కట్టెయ్, శానా అరుస్తాది."

భయానికి లలిత చీర కాళ్ళ దగ్గర తడిసింది.

అతను దిగి వచ్చాడు. ఇప్పుడు అక్కా లేదు, పాపం లేదు. లలిత జుట్టు చేతికి చుట్టుకుని కారు వైపు ఈడ్చాడు. అది పిండికట్టు చేత్తోనే అతని ముఖం మీద కొట్టింది. కట్టు పగిలింది, అతని ముక్కు నుంచి రక్తం కారింది. అతను దాని విరిగిన చేతిని పట్టుకుని మెలిపెట్టాడు. ఆ కేక నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నేను లేవలేక పాక్కుంటూ పోయి అతని పిక్క కొరికాను. పళ్ళు దిగాయి. వదల్లేదు. తల మీద బూటుకాలితో తన్నాడు, అయినా వదల్లేదు. అప్పుడు సాయిబు జాకీ రాడ్డు తెచ్చి అతని మోకాలి మీద ఒక్కటి వేశాడు.

"ఇడ్సురా హరామీ! ఆడపిల్లోళ్ళ మీదనా నీ మగతనం?"

రెండో దెబ్బ కారు అద్దానికి తగిలింది. గేటు దగ్గరి పోలీసులు ఈలలు వేసుకుంటూ వస్తుంటే, అతను కుంటుకుంటూ కారెక్కి తోలేశాడు. డిక్కీ మూయలేదు. మలుపులో మూట ఎగిరి రోడ్డు మీద పడింది. మిగతా సామాను అతనితోనే పోయింది.

సాయిబు పేరు మస్తాన్. మమ్మల్ని ఆటోలో ఎక్కించాడు. మూటను తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాడు. నా చేతి మీద తన తువాలు కప్పాడు. "ఏం ఫికర్ జేయొద్దు తల్లీ, ఆస్పత్రికి పోదాం" అంటూ దారంతా చెప్తూనే ఉన్నాడు. లలిత నా ఒళ్ళో తల పెట్టుకుని పళ్ళు కొరుక్కుంటూ మూలిగింది. నేను దాని తల మీద నుంచి ఎడమ చెయ్యి తీయలేదు.

కర్నూలు ఆస్పత్రిలో నన్ను బల్ల మీద పడుకోబెట్టారు. మస్తాన్ మూటను కూడా లోపలికి మోసుకొచ్చాడు. నర్సు కసిరింది.

"మూట ఎందుకయ్యా లోపలికి? బయట పెట్టు."

"యాడ పెట్టేదమ్మా? ఆయమ్మ చేతికే కట్టి ఉండాది గదా" అన్నాడు మస్తాన్.

నర్సు తువాలు తీసింది. నా మణికట్టు నుంచి తాడు నేరుగా మూట దాకా ఉంది. కోసిన చోట ఒక ముడి ఉంది.

"ఎవరు కట్టినారు? నువ్వా?" అని మస్తాన్‌ను అడిగాను.

"అల్లా తోడు, నేను కట్టలేదు. ఎత్తి పెట్టినా, అంతే."

లలితకు ఒక చెయ్యి పిప్పి అయి ఉంది. నాకు ఒక భుజం లేవదు. ఆటోలో ఇంకెవరూ లేరు. అది మామూలు ముడి కాదు. మగ్గం మీద పోగు తెగితే వేసే ముడి. చిన్నగా, చదునుగా, మగ్గం అచ్చు పళ్ళ సందులో నుంచి జారిపోయేలా వేస్తారు. సన్నపోగుకు వేయడానికే ఏళ్ళు పడుతుంది. వేలంత లావు తాడుకు అలాంటి ముడి నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాత ప్రయత్నించినా నా వల్ల కాలేదు. ముడికి రెండు పక్కలా బ్లేడు కోసిన కొసలు కనిపిస్తున్నాయి.

లలిత ఎడమ చేత్తో ముట్టుకుంది.

"అక్కా, తడిగా ఉండాది."

నేనూ ముట్టుకున్నాను. ఆ వడగాలిలో, అంత దూరం వచ్చాక కూడా ముడి ఒక్కటే తడిగా ఉంది. పక్కన తాడు ఎండిపోయి ఉంది. నేతపనివాళ్ళు తెగిన పోగును నాలుక మీద తడిపి ముడేస్తారు. మా నాయన అయితే ఎన్నిసార్లు తిట్టినా ఉమ్మి తడిపే వేసేవాడు.

డాక్టరు నా చెయ్యి చూసి, "ఏ బండి ఈడ్చుకుపోయిందమ్మా?" అని అడిగాడు. ఏ బండీ లేదని చెప్పాను. నమ్మలేదు.

పోలీసులు ఆ సాయంత్రమే కారును, కారతన్ని, మట్టిదారిలో కాచుకున్న లలిత మొగుణ్ణి, వాడి తమ్ముణ్ణి పట్టుకున్నారు. కారు సీటు కింద వేటకొడవలి, పెట్రోలు క్యాను దొరికాయి. లలిత సిమ్ము వాడి పేరు మీదే ఉందని, దానికొచ్చే మెసేజీలు తన ఫోన్‌లోనూ కనిపించేలా వాడు పెట్టుకున్నాడని, టికెట్ సంగతి అట్లా తెలిసిందని అప్పుడే బయటపడింది. స్టేట్‌మెంటు తీసుకోవడానికి వచ్చిన ఎస్సై కాగితాలన్నీ మూశాక మెల్లగా అడిగాడు.

"కెమెరాలో చూసినామమ్మా. నువ్వు వెనక్కి పడినావు, అది సరే. పడిన మనిషి అంత దూరం ఎట్ల పోతుంది? చుట్టూ ఎవరూ లేరు."

"నాకేం తెలుసు సార్, మీరే చెప్పండి" అన్నాను. ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు లలిత మా ఇంట్లోనే ఉంది. చెయ్యి అతుక్కుంది, నాయన మగ్గం మీద కూర్చుంటోంది. తాడును ఆ మగ్గం పైన మేకుకు తగిలించింది. ముడిని ఎవరినీ విప్పనివ్వదు. ఒకరోజు నేస్తూ నేస్తూ ఆగి, "ఆ దినం నాయన నన్ను బస్సెక్కించినాడు గదా అక్కా. ఈసారి కారు దించినాడు" అంది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నేతలో పడింది.

ఆ మాటతో దాని మనసు చల్లబడింది. నాది చల్లబడలేదు. లాగింది నిజంగా మా నాయనే అయితే, నా భుజం కీలు తప్పించేంత బలం ఆయనకు అప్పుడు ఎక్కడికి పోయింది? ఆ రోజు నన్ను గదిలో పెట్టి గొళ్ళెం వేయకుండా ఉంటే చాలు కదా, ఇంత ఈడ్చడం దేనికి? ఆయన కాదనుకుంటే మరి ఎవరు? తాడు ఎట్లా అతుక్కుంది? ఆలోచించి ఆలోచించి తల వాచిపోయింది. నాకు తెలియదు.

మొన్న నాయన సంవత్సరీకం పెట్టాం. విస్తరాకు గోడ మీద పెట్టి నేను ఇట్లా తిరిగానో లేదో, కాకి వచ్చి వాలింది. మేనమామ చేతులు జోడించాడు. లలిత ఏడ్చింది. నేను నవ్వలేదు. మణికట్టు మీద తాడు మచ్చ దురద పెడుతుంటే గీరుకుంటూ కాకి వైపే చూశాను.

"తిను" అన్నాను, కసురుకున్నట్టే. "ఇప్పుడు తిను."