నురుగు రాని నీళ్లు

ఇప్పుడు నేను సిరిసిల్లల డిగ్రీ పిల్లలకు పర్యావరణ శాస్త్రం చెప్తున్న. కెమిస్ట్రీ మొదటి పాఠాలు అచ్చినప్పుడల్లా జగిత్యాలల నేను సదువుకున్న ఆ గదే యాదికొస్తది. ఫ్యాను కిర్రుకిర్రుమనేది, బల్లల మీద యాసిడ్ పడి నల్లటి మచ్చలుండేవి.

వానకాలంల ఒకనాడు మా సార్, "రేపు అందరు మీ ఇంట్ల నీళ్లు ఒక సీసాల పట్టుకరాండ్రి, పరీక్ష చేద్దాం" అన్నడు. గంతే, క్లాసుల లొల్లి మొదలైంది. బీర్పూర్ పిల్లగాడు మా ఊరి నీళ్లే మంచియన్నడు. చందుర్తి నుంచి అచ్చి హాస్టల్ల ఉండే అమ్మాయి ఊకుంటదా? నేనైతే పెగడపల్లి దాన్ని. మా చేదబాయి నీళ్లు తియ్యగుంటయని సుట్టాలు సుత బాటిళ్లల్ల నింపుకపోయేటోళ్లు. నాకేం భయం అనుకున్న.

నా పక్కన కూసునే దోస్తు కోరుట్ల నుంచి బస్సుల అచ్చేది. వాళ్ల అబ్బా టైలర్. ఇంట్ల ఉర్దూ, నాతోటి తెలుగు. తెల్లారి తను సీసా కొంగు సాటుకు పెట్టుకొని, "మాకు నల్లా నీళ్లు రాలేదే. అమ్మీ డాబా పైపు కింద డ్రమ్ము పెట్టింది, గా వాన నీళ్లే తెచ్చిన" అన్నది. నేను పకపక నవ్విన.

సార్ అన్ని సీసాలల్ల కొంచెం కొంచెం సబ్బు నీళ్లు పోసి, మూత పెట్టి ఊపుమన్నడు. దోస్తు సీసాల నురుగు మూతి దాక పొంగింది. నేను చెయ్యి నొచ్చేదాక ఊపిన. నురుగు లేదు. విరిగిన పాల లెక్క తెల్లటి తెట్టు తేలింది. క్లాసంతా ఒక్కటే నవ్వుడు.

"సార్, మా నీళ్లు ఖరాబా?" అని అడిగిన.

"ఖరాబు గాదమ్మ, కఠిన జలం అంటరు. నీళ్లు భూమిల రాళ్ల నడుమకెళ్లి పోవుకుంట కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుంటయి. గవి సబ్బును పట్టుకొని గా తెట్టు చేస్తయి. వాన నీళ్లకు రాయి తగలలేదు గదా, అందుకే నురుగు. తాగనీకి మంచియా కావా అన్నది దీంతోని తేలదు, దానికి వేరే పరీక్షలున్నయి."

దోస్తు నా సీసా చేతిలకు తీసుకొని అటిటు తిప్పి సూసింది. "నన్ను నవ్వినవ్ గదా? మీ ఇంట్ల బట్టలు ఎట్ల ఉతుకుతరే?" అన్నది. ఇద్దరం నవ్వాపుకోలేక బయటికి ఉరికినం.

ఆ పొద్దు మస్కట్ల పనిచేసే మా బాపు వీడియో కాల్ చేసిండు. బాధ అంత చెప్పిన.

"నురుగు రాకుంటే ఏమైతది బిడ్డ? ఈడ సముద్రం నీళ్లను మిషన్లల్ల మంచిగ చేసి ఇస్తరు. సబ్బు మస్తు నురుగొస్తది. నోట్లె పోసుకుంటె మాత్రం సప్పగుంటయి" అన్నడు. ఫోన్ మొకానికి దగ్గర పెట్టుకున్నడు. "మన బాయి నీళ్లు ఎట్లుంటయో నోటికి యాదున్నది" అన్నడు.

తెల్లారి సార్‌కు గా మాట చెప్పిన. "మీ బాపు సరిగ్గనే చెప్పిండు. నీళ్లల్ల కరిగిన లవణాలే నోటికి రుచి" అన్నడు. సబ్బును అడ్డుకున్న కాల్షియమే బాపుకు అంత దూరంల యాదికొస్తున్నదని తెలిసి నాకు కళ్లల్ల నీళ్లు తిరిగినయి.

మరుసటేడు బాపు సెలవు మీద అచ్చిండు. సంచులు ఇంకా విప్పనే లేదు, బాయి నీళ్లతోని పప్పు వండుమన్నడు. "గా నీళ్లల్ల కందిపప్పు ఉడకదయ్యా, నల్లా నీళ్లతోని వండుత" అని అమ్మ మొత్తుకున్నది. బాపు ఇనలే. కుక్కర్ ఎన్ని కూతలు పెట్టినా పప్పు పలుకు పలుకుగనే ఉన్నది. అమ్మ గులుగుకుంట వడ్డించింది. బాపు మాత్రం మామిడికాయ తొక్కు కలుపుకొని మల్లొకసారి పెట్టించుకున్నడు.