నేనూ ‘ఆయ్’ అన్నాను

మా వైపు మనిషి మొహం మీద కాదు అనడు. “రేపు మా ఇంటికి భోజనానికి రండి” అంటే “ఆయ్” అంటాడు. “ఈ పని కాస్త చేసిపెట్టండి” అంటే “ఆయ్, అలాగేనండి” అంటాడు. వస్తాడా, చేస్తాడా అన్నది వేరే సంగతి. ఆ మాటకి వింటున్నానండి, మీరంటే గౌరవమండి అన్నంతవరకే అర్థం. అమలాపురం నుంచి రాజోలు దాకా ఎవరినడిగినా ఈ ముక్క చెబుతారు. ముప్పై ఏళ్ళు ఇక్కడి హైస్కూల్లో సోషల్ చెప్పిన నాకు తెలియకపోవడమేమిటి? తెలిసీ ఆ మాటని నమ్మి మోసపోయాను. అంతకంటే ఘోరం, అదే మాటతో ఇంకొకరిని మోసం చేశాను.

సరిహద్దులో యుద్ధం మొదలైన రోజులవి. మా ఇంట్లో టీవీ పొద్దున్న లేచింది మొదలు అరుస్తూనే ఉండేది. ఎక్కడో బాంబు పడితే ఇక్కడ స్టూడియోలో నవ్వులు. నాకు అసలే ముక్కుమీద కోపం. ముప్పై ఏళ్ళూ పిల్లల చేత యుద్ధాలకు కారణాలు, ఫలితాలు రాయించాను. ఫలితాల్లో ‘అపార ప్రాణనష్టం’ అని రాస్తే ఒక మార్కు. ఆ ప్రాణాలు ఎవరివని ఏ పిల్లల్నీ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. ఆ టీవీ ముందు కూర్చున్నప్పుడు అది గుర్తొచ్చి నా మీద నాకే ఒళ్ళు మండింది. పాత క్యాలెండరు వెనక పెద్ద అక్షరాలతో ‘యుద్ధం వద్దు’ అని రాశాను. రోజూ సాయంత్రం ఐదింటికి కాలువ వంతెన దగ్గర, రాజోలు ఆటోలు ఆగే చోట, ఒక గంట దాన్ని పట్టుకుని నిలబడాలని తీర్మానించుకున్నాను.

నాతో వస్తానని ముందుగా చెప్పింది మా వీధి చివర ఉండే రిటైరైన పోస్టుమాన్ గారు. వెనకటి ఒక యుద్ధంలో ఆయన టెలిగ్రాం పట్టుకుని పడవెక్కి గోదావరి లంకలో ఒక ఇంటికి వెళ్ళేరట. ఎండన పడి వచ్చేరని ఆ ఇంటావిడ ముందు మజ్జిగ ఇచ్చిందట.

“తాగేసేక ఇచ్చేనండి టెలిగ్రాం,” అన్నారాయన. “ముందే ఇచ్చెయ్యాల్సిందండి. కొడుకు పోయేడని తెలీక ఆవిడ నాకు మజ్జిగ పోసింది, తెలిసీ నేను తాగేను. ఎంచేత తాగేనో ఇప్పటికీ తెలీదండి.”

తరవాత రెండు రోజులు వీధి వీధంతా తిరిగాను. ఎవరూ కాదనలేదు. “మంచి పనండీ”, “ఆయ్, తప్పకుండానండి”, “మీరు చెప్పాలాండీ, ఆయ్”. కాయితం ఒక్కటి చాలదని నాలుగు క్యాలెండర్లు చింపాను. మొదటిరోజు ఐదింటికి వంతెన దగ్గర ముగ్గురం ఉన్నాం. నేను, పోస్టుమాన్ గారు, మా తోడికోడలు. మా తోడికోడలైతే శాంతి కోసం రాలేదు.

“మీరొక్కరే అలా నిలబడితే నలుగురూ ఏమనుకుంటారక్కా? ఆటో దొరకలేదనుకుంటారు. తోడుంటే కనీసం పెళ్ళికెళ్తున్నారనుకుంటారు,” అంది.

నిజంగానే ఇద్దరు ఆటోవాళ్ళు ఆగి ఎక్కడికండీ అని అడిగారు. మోటారు సైకిలు మీద పోతూ ఎవరో “సరిహద్దు అవతలికే పోండి” అని అరిచారు. ఆ గొంతు నాకు తెలుసు, పదో తరగతిలో నా దగ్గరే చదివాడు. అయినా రెండోరోజు నిలబడ్డాం, మూడోరోజు కూడా. ఆయ్ అన్నవాళ్ళందరూ మా ముందునుంచే నమస్కారం పెట్టుకుంటూ వెళ్ళేవారు. ఇళ్ళకి తిరిగొచ్చేటప్పుడు నేను ఒక్కొక్క గుమ్మాన్నీ చూసి తిట్టుకునేదాన్ని.

నాలుగోరోజు, మంగళవారం పొద్దున్నే పోస్టుమాన్ గారు మా ఇంటికి వచ్చారు.

“టీచరు గారండీ, పరుపుల సాయిబు గారు కొట్టు సర్దేస్తున్నారండి. రామచంద్రపురంలో కూతురింటికి వెళ్ళిపోతారంట.”

సాయిబు గారు మా వీధిలో నలభై ఏళ్ళుగా పరుపులు, దిండ్లు కుడుతున్నారు. మా పెళ్ళి పరుపు ఆయన కుట్టిందే. పిల్లలు పుట్టినప్పుడు చిన్న చిన్న బూరుగుదూది దిండ్లు కుట్టి ఆయనే తెచ్చి ఇచ్చారు. చెప్పులేసుకుని గబగబా వెళ్ళాను. బోర్డు దింపేసి గోడకి ఆనించి ఉంది. ఆయన కింద కూర్చుని దబ్బనాలు ఒక డబ్బాలో పెట్టుకుంటున్నారు.

“ఇదేమిటండీ సాయిబు గారూ, ఎవరేమన్నారు?” అని అడిగాను.

“ఎవరూ ఏం అనలేదండి,” అన్నారు. ఫోను తీసి నా చేతికిచ్చారు.

అది మా వీధి గ్రూపు. మా ఎదురింటి బాబాయి గారు పెట్టిన సందేశం. చుట్టరికమేమీ లేదు, పెద్దాయన కాబట్టి అందరికీ బాబాయి గారే. రోజూ గులాబీ పువ్వుతో శుభోదయం పెడతారు, కింద చాంతాడంత నీతి రాస్తారు. మూడు రోజుల కిందటి పువ్వు కింద ఏముందంటే, ఈ పరిస్థితుల్లో మన వీధివారు ఆ పరుపుల కొట్టుకి పని ఇవ్వకపోవడం మంచిదని, దేశం కోసం ఆ మాత్రం చెయ్యాలని. దానికింద వరసగా జవాబులు. ఆయ్. ఆయ్ అండీ. ఆయ్ బాబాయి గారూ. దణ్ణాల బొమ్మలు. అందులో నాలుగోది నాది.

ఆయన పెట్టే ఏదీ నేను చదవను. కళ్ళజోడు పెట్టుకోకముందే పువ్వు చూసి ఆయ్ అండీ అని కొట్టేసి కాఫీకి లేస్తాను. ఆ రోజూ అదే చేశాను. ఆ రోజు సాయంత్రమే వంతెన దగ్గర ‘యుద్ధం వద్దు’ అని కాయితం పట్టుకుని నిలబడ్డాను. తల కొట్టేసినట్టయింది.

“చదవకుండా పెట్టానండి,” అన్నాను. అంతకంటే చేతకాని మాట నా నోట్లోంచి ఎప్పుడూ రాలేదు.

“ఆయ్, తెలుసండి,” అన్నారాయన. ఆ గొంతులో కోపం లేదు, అందుకే ఎక్కువ బాధేసింది. “చదివి పెట్టినవాళ్ళ సంగతి నాకు తెలిసిపోయిందండి, వాళ్ళకి దూరంగా ఉంటాను. చదవకుండా పెట్టినవాళ్ళ మధ్యన ఎలా ఉండాలో తెలీటం లేదండి. గురువారం పొద్దున్నకి వ్యాను చెప్పేనండి.”

మంగళవారం, బుధవారం. నాకు రెండు రోజులు ఉన్నాయి.

ఇంటికొచ్చి కళ్ళజోడు పెట్టుకుని గ్రూపులో రాశాను. ‘పరుపుల కొట్టు విషయంలో నేను చదవకుండా ఆయ్ అన్నాను. అది నా తప్పు. ఇప్పుడు చదివి కాదు అంటున్నాను. మా ఇంటి పని ఆయనకే ఇస్తాను.’ గంట తరవాత బాబాయి గారి ఫోను వచ్చింది.

“ఏవమ్మా, నేను మాత్రం ఆయన్ని ఏవన్నా అన్నేనా? రోజులు బాలేవు, నాలుగు రోజులు ఆగమన్నేను. అందరూ ఒప్పుకున్నేరు కదా. నువ్వు పెద్ద మనసుతో ఆ ముక్క తీసెయ్యమ్మా.”

“తియ్యనండీ బాబాయి గారూ,” అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఒక పెద్దాయనకి అలా చెప్పడం అదే మొదటిసారి. ఆయన ఫోను పెట్టేశారు.

బుధవారం పొద్దున్న మళ్ళీ గుమ్మం గుమ్మం ఎక్కాను. ఈసారి, సాయంత్రం కాయితం పట్టుకుని పరుపుల కొట్టు ముందు నిలబడదామని అడుగుతూ ముందే చెప్పేదాన్ని. “ఆయ్ అనకండి. వస్తానైనా అనండి, రానైనా అనండి. రానంటే నేనేమీ అనుకోను.” జనం ఎంత ఇబ్బంది పడ్డారో చెప్పలేను. ఒకాయన లోపల కూర మాడుతోందని వెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు. ముగ్గురు నేల చూస్తూ వస్తామన్నారు. కొంతమంది రామన్నారు, వాళ్ళని చూస్తే నిజంగానే కోపం రాలేదు.

కొబ్బరి తోట పక్కింటావిడ కొడుకు మిలటరీలో ఉన్నాడు. ఆ రోజుల్లో ఫోను మోగితే ఆవిడ ఉలిక్కిపడేది. ఆవిడ నన్ను కూర్చోబెట్టి సూటిగా చెప్పింది.

“నేను రానండి టీచరు గారూ. యుద్ధం వద్దని నేను రోడ్డు మీద నిలబడితే, అక్కడ మావాడికి ఏవైనా మాట వస్తుందేమోనని భయమండి. వద్దనే ఉందండి నాకూ. కానీ రాను.”

“మంచిదమ్మా, చెప్పావు,” అని లేచాను. గేటు దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి పిలిచింది. లోపలికి వెళ్ళి గలీబు తీసేసిన ఒక దిండు తెచ్చింది.

“మావాడిదండి. దూదంతా ఉండలు కట్టేసింది. సాయిబు గారికి ఇవ్వండి. వాడొచ్చేసరికి మెత్తగా ఉండాలని చెప్పండి.”

ఆ దిండు చంకన పెట్టుకుని వీధిలో నడుస్తూ ఏడ్చాను. ఎవరు చూస్తున్నారో కూడా పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం ఐదింటికి వంతెన దగ్గరికి వెళ్ళలేదు. నేనూ మా తోడికోడలూ మా పెళ్ళి పరుపు చెరో కొస పట్టుకుని బయలుదేరాం. దానిమీద ‘యుద్ధం వద్దు’ కాయితం పిన్నీసులతో గుచ్చాను.

“వెనకటికి ఈ పరుపు బండి మీద ఊరేగింది, ఇప్పుడు మన చేతుల మీద ఊరేగుతోందక్కా,” అని మా తోడికోడలు దారంతా నవ్వించింది. పోస్టుమాన్ గారు రెండు దిండ్లు తెచ్చారు. వస్తామన్న ముగ్గురూ వచ్చారు, ఒకావిడ చేతిలో చిరిగిన బొంత ఉంది. చాలా గుమ్మాలు మూసే ఉన్నాయి. బాబాయి గారు వీధరుగు మీద పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు, పేజీ మాత్రం తిప్పలేదు.

కొట్టు ముందు పరుపు దింపి దాని పక్కనే నిలబడ్డాం. సాయిబు గారు బయటికి వచ్చి పరుపునీ కాయితాన్నీ మమ్మల్నీ చూశారు. నేను తయారుచేసుకున్న మాటలన్నీ మర్చిపోయాను.

“తప్పు చేశానండి. రేపు వ్యాను ఎక్కకండి,” అన్నాను.

“ఆయ్,” అన్నారాయన.

అది ఏ రకం ‘ఆయ్’ అన్నది అక్కడున్న ఒక్కరికీ తెలియలేదు. అడగడానికి నాకు మొహం చెల్లలేదు, ఆ మాటని అలా చేసిపెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. మిలటరీ అబ్బాయి దిండు ఆయన చేతిలో పెట్టి వాళ్ళమ్మ చెప్పింది చెప్పాను.

ఆయన దాన్ని రెండు చేతులతో నొక్కి చూశారు. ఒక మూల కుట్టు విప్పి లోపల వేలు పెట్టారు. తరవాత డబ్బా మూత తీసి దబ్బనం వెతుక్కుంటూ అన్నారు.

“దూది ముందు ఎండబెట్టాలండి. ఆదివారం వచ్చి తీసుకెళ్ళమనండి ఆవిణ్ణి.”